రొయ్యకి లాట్ నంబరుంది, మరి వలిచిన చేతికి?

మా పల్నాడుకి సముద్రం లేదు. గురజాల, మాచర్ల వైపు ప్యాకింగ్ పనంటే మిరపకాయలే. వరసగా కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్ళు, కిలోకి ఇంతని కూలీ, సాయంత్రానికి మండే చేతులు. కిందకి ఒంగోలు, నెల్లూరు వైపో, పైకి భీమవరం, కాకినాడ, విశాఖ వైపో వెళితే దాదాపు ఇదే పని మంచు మీద జరుగుతుంది. తొడిమ బదులు రొయ్య తల, మంట బదులు చలి. అంతే తేడా.

ఈ పని మనదగ్గర పుట్టింది కాదు, కేరళ నుంచి వచ్చింది. అంతకుముందు మన దేశం నుంచి పోయేవి ఎక్కువగా ఎండు రొయ్యలు. బర్మా, సింహళం వాటి బజారు. 1953లో కొచ్చి నుంచి గడ్డకట్టించిన రొయ్యలు అమెరికాకి ఓడెక్కాయి. దాంతో కథ మారిపోయింది. తల తీయాలి, పొట్టు వలవాలి, నరం లాగాలి, సైజు వారీగా వేరుచేయాలి. ఇదంతా చేతిపని. కొల్లం, కొచ్చి చుట్టుపక్కల షెడ్లు వెలిసాయి, వాటినిండా ఆడవాళ్ళు. ఆ తర్వాత వాళ్ళనే కాంట్రాక్టర్లు గుజరాత్‌లోని వేరావల్ దాకా తీసుకెళ్ళారు. అంటే మేస్త్రీ, అడ్వాన్సు, ఫ్యాక్టరీ పక్కనే బస అనే పద్ధతి ఆంధ్రాలో చెరువులు తవ్వకముందే తయారుగా వుందన్నమాట.

మన వంతు 1980ల చివర్లో, టైగర్ రొయ్యతో వచ్చింది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ దాన్ని తుడిచిపెట్టింది, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు తీరం వెంబడి చెరువులకి కళ్ళెం వేసింది. చెరువుల కథ చాలామంది రాసారు. నాకు ఆసక్తి లోపలి హాలు మీద.

ప్యాకెట్ మీద 21/25 అని వుంటుంది చూసారా? పౌనుకి 21 నుంచి 25 రొయ్యలు అని. (రైతు కౌంటు కిలోకి, కొనేవాడి కౌంటు పౌనుకి. యూనిట్ కన్వర్షన్ గోల మనకొక్కరికే కాదు.) ఆ అంకెని నిజం చేసేది గ్రేడింగ్ బల్ల దగ్గర, ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబడ్డ మనిషి. ఐసు నీళ్ళలో చేతులు, క్లోరిన్ వాసన, గంబూట్లు, టోపీ, మాస్కు. తూచి, ట్రేలో పేర్చి, చల్లటి నీళ్ళు పోసి పంపితే ప్లేట్ ఫ్రీజర్ మైనస్ 40 దగ్గర గడ్డకట్టిస్తుంది. బయటికి తీసి, గ్లేజింగ్ చేసి, కార్టన్‌లో పెట్టి మైనస్ 18 గదికి తోస్తారు. సైజు తప్పితే కొనేవాడు క్లెయిమ్ వేస్తాడు.

ఇంతకీ ఈ హాలు ఇంత శుభ్రంగా ఎందుకు మారింది? 1997 వల్ల. ఆ ఏడాది ఐరోపా సమాఖ్య ఇన్‌స్పెక్టర్లు మన ప్లాంట్లు చూసి, ఆగస్టు నుంచి మన సముద్రపు సరుకు ఆపేసారు. అదే డిసెంబరు నుంచి అమెరికా హాసప్ అనే పద్ధతిని తప్పనిసరి చేసింది. ఈ హాసప్ పుట్టింది 1960ల్లో నాసా వ్యోమగాముల తిండి కోసం. మన భాషలో చెప్పాలంటే, చివర్లో టెస్టింగ్ చేసి బగ్ పట్టుకోవడం కాదు, ప్రతి దశలో చెక్‌పాయింటు పెట్టి లాగ్ రాయడం. నిజంగానే మంచి డిజైన్. ఇప్పుడు సరుకులో యాంటీబయాటిక్ కనబడితే లాట్ నంబరు పట్టుకుని చెరువు దాకా వెనక్కి వెళ్ళొచ్చు.

కానీ ఆ లాగ్‌లో మనిషి ఎక్కడ కనబడుతుందో చూడండి. జ్వరం వుందా, చేతికి గాయం వుందా అన్న కాలమ్‌లో. వుంటే ఆ రోజు సరుకు ముట్టుకోకూడదు. రూలు రొయ్య కోసం పెట్టింది కాబట్టి అక్కడితో ఆగిపోతుంది. ఆ రోజు కూలీ సంగతి హాసప్ పరిధిలో లేదు. స్కీమాలో ఆ ఫీల్డే లేదు.

2009లో వనామీ వచ్చాక దిగుబడి పెరిగి, ఆంధ్రా రొయ్య అమెరికా సూపర్ మార్కెట్లని నింపింది. 2024 మార్చిలో అసోసియేటెడ్ ప్రెస్, కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ ఆంధ్రా ప్లాంట్ల మీద కథనాలు వెలువరించాయి: తక్కువ కూలీ, ఇరుకు బసలు, తీరని అప్పులు అని. పరిశ్రమ కాదంది. నిజానిజాలు తేల్చడానికి చట్టం ఏదీ అంటే, 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వుండేది. పేరులోనే చిక్కుంది. పర్లాకిమిడి నుంచి కాంట్రాక్టరు తెచ్చిన ఒడియా అమ్మాయి కూతవేటు దూరంలోని పాతపట్నంలో పనిచేసినా వలస కార్మికురాలే. శ్రీకాకుళం నుంచి దాదాపు 700 కిలోమీటర్లు ప్రయాణం చేసి నెల్లూరులో చేరిన అమ్మాయి మాత్రం కాదు, రాష్ట్రం దాటలేదు కదా! 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ వచ్చింది. కాంట్రాక్టరు లేకుండా సొంతంగా వచ్చినవాళ్ళని కూడా కలిపింది, బాగానే వుంది. రాష్ట్రం దాటాలన్న షరతు మాత్రం అలాగే వుంచింది.

సరిగ్గా అదే ఏడాది ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. 2005 నుంచి వున్న యాంటీ డంపింగ్ సుంకం దానికి అదనం. చెరువు దగ్గర రేటు ఎంత పడిందో పేపర్లు రోజూ రాసాయి. హాల్లో ఎన్ని షిఫ్టులు తగ్గాయన్నది రాసినవాళ్ళు తక్కువ. అమెరికా ఆర్డర్ ఆగితే ప్లాంటువాడు ఫ్రీజర్ ఆపలేడు, లోపల సరుకుంది. బ్యాంకు వాయిదా ఆపలేడు. ఆపగలిగింది, పొద్దున్నే వూళ్ళ వెంట తిరిగి ఆడవాళ్ళని ఎక్కించుకొచ్చే బస్సొక్కటే.