పలక కోసిన వేళ్ళు

మనలో చాలామంది అ ఆలు దిద్దింది మార్కాపురం పలక మీద. గనిలో బండ తవ్వి, ఉలితో పొరలు విడదీసి, మిషన్ మీద కొలతకు కోసి, అరగదీసి, చెక్క చట్రం బిగిస్తేనే అది పలక అవుతుంది. పలక మీద రాసిన వాళ్ళ చరిత్ర మనకు చాలా ఉంది. పలక కోసిన వాళ్ళది లేదు.

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లా మారింది గానీ కరువు మారలేదు. సెంటు భూమి లేని మా పేటోళ్ళకి పలకల పని ఒక దిక్కు.

మా పేటలో ఒక పెదనాయన ఉండేవాడు. కుడిచేతికి చూపుడువేలు, నడిమివేలు లేవు. కోత మిషన్ తీసుకుంది. నా చేత మొదట 'అ' దిద్దించింది ఆయనే, మిగిలిన వేళ్ళ మధ్య బలపం ఇరికించుకుని. ప్రమాదం జరిగినప్పుడు యజమాని కట్టు కట్టించి, కొంత డబ్బిచ్చి, ఎడమచేత్తో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడంట. పెదనాయన చచ్చేదాకా "షావుకారు దయగల్లోడు" అనే చెప్పాడు.

ఆ మాట తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

కార్మికుల పరిహార చట్టం 1923లో వచ్చింది. 1924 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే పెదనాయన పుట్టకముందే ఆయన వేళ్ళకు చట్టంలో లెక్క ఉంది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం. ఒక చేతికి రెండు వేళ్ళు పోతే 20, నాలుగు పోతే 50. నెలకు 12,000 కూలి వచ్చే ముప్పై ఏళ్ళ మనిషికి, అందులో 60 శాతాన్ని అంటే 7,200ను, వయసును బట్టి ఉన్న 207.98తో హెచ్చించాలి. అందులో 20 శాతం దాదాపు మూడు లక్షలు. 2009 సవరణ తర్వాత వైద్యం ఖర్చు దీనికి అదనం. నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుంటే సగం దాకా జరిమానా.

"వాడే చూసుకోలేదు" అన్న మాట చెల్లదు. తాగి ఉండటం, కావాలని ఆజ్ఞ మీరడం, మిషన్ రక్షణ కవచం కావాలని తీసేయడం లాంటివి వేరు. మామూలు ఏమరపాటు పరిహారాన్ని ఆపదు. ఇంకో ముఖ్యమైన సంగతి: పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న కాగితం ఆ చట్టం ప్రకారం చెల్లదు. పెదనాయన ఎడమచేతి సంతకానికి విలువే లేదు. ఆ సంగతి ఆయనకు చెప్పినవాళ్ళు లేరు.

ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్ళుంటేనే వర్తించేది. 2020 నాటి కోడ్ దాన్ని ఇరవైకి పెంచింది. పరిహారానికి ఆ తలల లెక్క లేదు. కరెంటు మిషన్ మీద సరుకు తయారయ్యే చిన్న షెడ్డుకైనా బాధ్యత ఉంది. పలక దుమ్ముతో వచ్చే సిలికోసిస్ కూడా వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. ఇప్పుడు పాత చట్టాన్ని సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. పేరు మారినా యజమాని బాధ్యత పోలేదు.

1938లో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల ముందు బాబాసాహెబ్ చెప్పింది ఇదే: బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం, రెండూ మన శత్రువులే. మిషన్ వేలు తీసుకుంటే, కులం దానికి వచ్చే పరిహారాన్ని 'దయ' అని పిలిపిస్తుంది. చెయ్యి చాపే అలవాటు చేసిన సమాజం, ఆ చెయ్యి తెగినా హక్కు అడగనివ్వదు.

ఈరోజు మన పిల్లలు హైదరాబాదు, బెంగళూరు మాంసం దుకాణాల్లో ఖైమా మిషన్ల దగ్గర, ఎముకలు కోసే రంపాల దగ్గర ఉన్నారు. వాళ్ళకూ ఇదే లెక్క. ప్రమాదం జరిగితే ఆసుపత్రి కాగితాలు, కూలి ఇచ్చినట్టు ఫోన్‌లో ఉన్న రుజువులు దాచండి. తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి. ఆలస్యం చేయకుండా కార్మిక శాఖలో సంబంధిత అధికారి దగ్గర దరఖాస్తు పెట్టండి.

పెదనాయన నాకు 'అ' నేర్పాడు. ఆయనకు నేను చదివి చెప్పాల్సిన చట్టం ఇది. ఆయన లేడు కాబట్టి మీకు చెబుతున్నా. మీ పేటలో చదివి వినిపించండి.

జై భీమ్.