కారులో మాడు వాసన: మూలాన్ని గుర్తించడం

కారులో మాడు వాసన వచ్చిందంటే వేడెక్కకూడని భాగమేదో వేడెక్కుతోందని, లేదా వేడిగా ఉండే భాగం మీద పడకూడనిదేదో పడిందని అర్థం. క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, రబ్బరు బెల్టులు, వైర్ల మీది ప్లాస్టిక్ తొడుగు, ఇంజన్ ఆయిల్, కూలెంట్ ప్రధానంగా మాడేవి. వాసన తీరు ఏ పదార్థం మాడుతోందో చెబితే, అది వచ్చే సమయం ఎక్కడ మాడుతోందో చెబుతుంది. రెండింటిలో సమయమే నమ్మదగిన ఆధారం. ముక్కు కొద్దిసేపట్లోనే వాసనకు అలవాటు పడిపోతుంది. క్లచ్ వాసనా బ్రేకు వాసనా అనుభవమున్నవారికి కూడా ఒక్కటిగానే తోచవచ్చు. ఎక్కుడులో వచ్చిందా, దిగుడులో వచ్చిందా అన్నది మాత్రం ఎవరైనా చెప్పగలరు.

ముందుగా తేల్చుకోవలసింది ఆ వాసన తన కారుదేనా అన్నది. ముందు అద్దం అడుగున ఉండే జాలీ నుంచి బయటి గాలి లోపలికి వస్తుంది. ముందు వెళ్లే లారీ బ్రేకుల వాసన, రోడ్డు పక్క తగలబెట్టిన చెత్త వాసన ఆ దారినే చేరతాయి. ఏసీని లోపలి గాలే తిరిగే పద్ధతిలోకి మారిస్తే బయటి వాసన క్రమంగా తగ్గుతుంది. తగ్గకపోగా పెరిగితే మూలం డ్యాష్‌బోర్డు వెనకో సీట్ల కిందో ఉందని అనుమానించాలి. బానెట్ కింద పుట్టిన వాసన కూడా ఆ జాలీ గుండానే వస్తుంది కనుక, వాసన తగ్గినంత మాత్రాన కారులో లోపం లేదనుకోకూడదు.

కాలిన కాగితం లాంటి ఘాటు వాసన ఎక్కువగా క్లచ్‌ది. పెడల్‌ను సగం నొక్కి ఉంచితే ప్లేటు పూర్తిగా పట్టుకోదు, పూర్తిగా వదలదు. జారుతూ రాసుకుని కాలుతుంది. ట్రాఫిక్ జామ్‌లో, అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి పైకెక్కేటప్పుడు ఈ వాసన వచ్చి, కాసేపు ఆగితే పోతుంది. చదును రోడ్డు మీద పై గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే, ప్లేటు మార్చే సమయం వచ్చినట్టే. క్లచ్ పెడల్ లేని ఏఎంటీ కార్లలోనూ లోపల ఉండేది అదే క్లచ్. వాలులో బండిని బ్రేకుతో కాక యాక్సిలరేటర్‌తో నిలబెట్టేవారు దాన్ని తెలియకుండానే కాల్చేస్తారు.

దిగుడులో వచ్చేది బ్రేకుల వాసన. తిరుమల, శ్రీశైలం ఘాట్ రోడ్లలో న్యూట్రల్‌లోనో పై గేరులోనో దిగుతూ పెడల్ మీద నుంచి కాలు తీయని కార్లు ఈ వాసన వెదజల్లుతుంటాయి. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా ఉండాలన్నది ప్రమాణం. తేమ చేరాక ఆ కనీస పరిమితి 140కి పడిపోతుంది. మరిగితే లైన్లలో ఆవిరి బుడగలు చేరి, పెడల్ నేలకంటినా బ్రేకు పడదు. వెడల్పైన చోట ఆగి, చక్రాలకు అడ్డుపెట్టి, బ్రేకులు వాటంతట అవే చల్లారే దాకా వేచి ఉండాలి. డిస్కుల మీద నీళ్లు పోస్తే అవి వంకరపోవచ్చు, పగలవచ్చు. చదును రోడ్డు మీదే బ్రేకు వాసన వస్తుంటే ముందు హ్యాండ్‌బ్రేక్ చూడాలి. ఆ తర్వాత ఆగి, ఒక్కో చక్రం దగ్గరగా, తాకకుండా, అరచేయి ఉంచితే పట్టేసిన బ్రేకున్న చక్రం మిగతావాటికంటే ఎక్కువ సెగ కొడుతుంది.

కమురు వాసనతో నీలిపొగ వస్తే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ నుంచి కారిన ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడుతున్నట్టు. సర్వీసింగ్‌లో ఒలికిన ఆయిల్ అయితే ఒకటి రెండు రోజుల్లో కాలిపోతుంది. తియ్యటి వాసన కూలెంట్‌ది. టెంపరేచర్ ముల్లు గమనించాలి, వేడి రేడియేటర్ మూత తీయకూడదు. కాలిన రబ్బరు వాసనకు కీచుమనే శబ్దం తోడైతే బెల్టు జారుతోంది.

కారు అడుగుభాగాన్ని చాలామంది మరచిపోతారు. రాయలసీమ, తెలంగాణ పల్లెల్లో నూర్పిడి కోసం పంటను రోడ్ల మీద పరుస్తారు. దాని మీదుగా వెళ్లిన కారు కింద కట్టె, పొట్టు చుట్టుకుని వేడి సైలెన్సరుకు తగిలి అంటుకోవచ్చు. అలాంటి చోటు దాటాక ఆగి, వంగి చూడటం తప్పనిసరి. సైలెన్సరుకు అతుక్కున్న ప్లాస్టిక్ సంచి ప్రమాదం కంటే కంగారే ఎక్కువ కలిగిస్తుంది. బీఎస్ 6 డీజిల్ కార్లలో పొగమసిని పట్టే ఫిల్టర్ దాన్ని దాదాపు 600 డిగ్రీల వేడితో కాల్చుకునేటప్పుడు వేడి వాసన వస్తుంది, ఇంజన్ ఆపాకా ఫ్యాన్ తిరుగుతుంది. ఇది లోపం కాదు.

మాడిన ప్లాస్టిక్ వాసన, ముక్కును కోసేలా ఉండేది, వైరింగ్‌ది. మిగతా వాసనల్లో కొన్నింటి మూలం వెతుకుతూ కొంతదూరం నడపవచ్చేమో కానీ దీనికి వీల్లేదు. తరచూ కారణమయ్యేవి బయట బిగించుకున్న సామగ్రి, ఎలుకలు కొరికిన వైర్లు. 60 వాట్ల హెడ్‌లైట్ బల్బు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు తీసుకుంటుంది. దాని స్థానంలో 100 వాట్లది పెడితే 8.3 ఆంపియర్లు. కరెంటు వర్గాన్ని బట్టి వైరులో వేడి పుడుతుంది కాబట్టి అదే సన్నటి వైరు దాదాపు 2.8 రెట్లు వేడెక్కుతుంది. ఫ్యూజు పదేపదే పోతుంటే పెద్ద ఫ్యూజో రాగి తీగో పెట్టడం మంటకు దారి తీయడమే. లైట్లు, బ్లోయర్, మ్యూజిక్ సిస్టమ్ ఒక్కొక్కటే ఆపి ఏది ఆపితే వాసన తగ్గుతుందో చూడటం మెకానిక్ పని, అదీ బండి నిలిపి ఉన్నప్పుడే.

పొగ కనిపిస్తే వెతుకులాట ఆపాలి. ఇంజన్ ఆపి, అందరూ దిగి దూరం జరిగి 112కో 101కో ఫోన్ చేయాలి. బానెట్ పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట ఎగుస్తుంది. అగ్నిమాపక సిలిండర్ ఉండి, మంట చిన్నదైతే, కొద్దిగా తెరిచిన సందులోంచి పౌడర్ కొట్టవచ్చు. వైరింగ్ మంట ఆరినా మళ్లీ అంటుకోవచ్చు కనుక బ్యాటరీ నెగటివ్ తీగ విప్పేదాకా కారును వదిలి వెళ్లకూడదు, స్టార్ట్ చేయకూడదు.