తేనీటి అంగడి: అమ్మినవారి మాట, ఆకులోని గుణము

రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమై ఒక వ్యాసము వ్రాయవలెనని గ్రంథాలయ కార్యవర్గము వారు అడిగినపుడు, రాజుల చరిత్ర వ్రాయుటకు నాకంటె సమర్థులు ఉన్నారని చెప్పి, టీ అంగడి చరిత్ర వ్రాసెదనని ఒప్పుకొంటిని. కొందరు నవ్విరి. కాని ఏ ఊర చూచినను, గ్రంథాలయములో చదివిన పత్రికను గూర్చి వాదము జరుగునది టీ అంగడి బల్లమీదనే గదా. ఇక్కడ మాటలాడరాదు, అక్కడ మాటలాడక కూర్చుండుట ఎవరికిని చేతకాదు.

ఆ బల్లమీద మాటిమాటికి వచ్చు వాదములలో టీ మంచిదా, చెడ్డదా అనునది ఒకటి. టీ త్రాగిన పిల్లలు నల్లబడుదురనియు, ఆకలి చచ్చుననియు, పైత్యము చేయుననియు పెద్దలు చెప్పుదురు. ఒళ్ళు తగ్గించును, గుండెను కాపాడును, సకల రోగములను హరించును అని చేతి ఫోనులో చూచినవారు చెప్పుదురు. ఈ రెండు పక్షముల మాటలును క్రొత్తవి కావు. టీ అంగడి పుట్టిననాడే ఆరోగ్యపు మాటయు దానితోపాటు పుట్టినది. ఆ మాటలను ఎవరు, ఎప్పుడు, ఎందుకు చెప్పిరో తెలిసికొన్నచో మన గ్లాసులోనిది కొంత తేటపడును.

తేయాకు మొదట ఔషధమే. చీనా దేశమున 8వ శతాబ్దిలో లు యూ అనునతడు తేయాకును గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథము రచించెను. ఆకు కోయుట, నీటిని ఎన్నుకొనుట, కాచుట మొదలైనవన్నియు అందు కలవు. జపానులో ఐసాయ్ అను బౌద్ధసన్యాసి 1211లో, తేనీరు త్రాగి ఆరోగ్యమును కాపాడుకొనుటను గూర్చి మరియొక గ్రంథము వ్రాసెను. 1214లో, మద్యము మితిమీరి సేవించి బాధపడుచున్న సనెతొమొ అను ప్రభువునకు ఆ సన్యాసి ఒక పాత్ర తేనీటిని, దానితో తన గ్రంథమును సమర్పించెనట. మందును, మందును మెచ్చుకొను పుస్తకమును ఒకే చేతితో ఇచ్చుట అప్పటినుండియే ఉన్నదన్నమాట. అయితే ఐసాయ్ వర్తకుడు కాడు.

వర్తకుని కథ లండను నగరములో మొదలగును. అచ్చట ఎక్స్ఛేంజి ఆలీ అను సందులో థామస్ గారవే అనువానికి ఒక కాఫీశాల ఉండెను. 1657 ప్రాంతమున అతడు తేయాకును ఆకుగాను, కాచిన పానీయముగాను కూడ అమ్మసాగెను. అంతకుముందు ఇంగ్లండులో పౌను బరువు తేయాకునకు ఆరు మొదలు పది పౌన్ల రొక్కము పలికెడిదట. అనగా అది ప్రభువుల వస్తువు. గారవే 16 షిల్లింగులు మొదలు 50 షిల్లింగులవరకు ధరలు పెట్టి, సుమారు 1660లో ఒక కరపత్రమును అచ్చొత్తించెను. ఆ కాగితమును చదివిన మన సంతలో మూలికలు అమ్మువాడు కూడ సిగ్గుపడును. తలనొప్పి, తల తిరుగుట, మూత్రపు రాళ్ళు, ఆయాసము, కంటి మసక, పీడకలలు, జలోదరము, మరపు, ఇవన్నియు తేనీటితో పోవునని అందు ఉన్నది. ఆ పట్టికలో ఒక్కటి మాత్రము నిజమని పరీక్షకు చదివిన ప్రతి విద్యార్థికిని తెలియును: అది నిద్రమత్తును తరుమును.

ఆ మాటలు ఊరక పోలేదు. శామ్యూల్ పెపీస్ అను నౌకాశాఖ ఉద్యోగి దినచర్య వ్రాయు అలవాటు గలవాడు. అతడు 1660 సెప్టెంబరు 25వ తేదీన మొదటిసారి టీ త్రాగినట్లు వ్రాసికొనెను. ఏడేండ్ల తరువాత ఒకనాడు ఇంటికి పోవుసరికి భార్య టీ కాచుకొనుచుండెను. ఆమె జలుబునకు అది మంచిదని మందులు అమ్మువాడొకడు చెప్పెనట. హాలండులో బాంటెకో అను వైద్యుడు 1678లో అచ్చువేసిన గ్రంథములో దినమునకు ఏబది గిన్నెలు, అంతకు మించియు త్రాగవచ్చునని వ్రాసెను. తేయాకు వర్తకము చేయుచుండిన డచ్చి కంపెనీ అతనికి సొమ్ము ముట్టచెప్పినదని నాడే పుకారు పుట్టినది. ఆ పుకారునకు ఋజువు లేదు. పుట్టుటకు కారణము మాత్రము లేకపోలేదు.

ఎదురుపక్షము వారును తక్కువవారు కారు. జోనాస్ హాన్వే అను పరోపకారి 1756లో టీని ఖండించుచు ఒక వ్యాసము ప్రకటించెను. టీ వలన నరములు బలహీనమగుననియు, పనివారు సోమరులగుదురనియు, దేశధనము వ్యర్థమగుననియు ఆయన వాదము. మరుసటి ఏడు నిఘంటుకర్త శామ్యూల్ జాన్సను తాను విడువలేని టీ ప్రియుడనని ఒప్పుకొనుచునే దానికి ఘాటుగా బదులిచ్చెను. ఇద్దరును బుద్ధిమంతులే. కాని ఇద్దరిలో ఒకడైనను ఆకులో ఏమున్నదో పరిశీలించి చెప్పలేదు. ఒకనికి అది గిట్టలేదు, ఒకనికి గిట్టినది, అంతే.

ఆకును విప్పి చూచినవారు తరువాతి శతాబ్దిలో వచ్చిరి. 1827లో ఔడ్రీ అను రసాయనజ్ఞుడు తేయాకునుండి ఒక సత్త్వమును తీసి దానికి థీన్ అని పేరు పెట్టెను. అది కాఫీ గింజలలోని కెఫీనే తప్ప వేరు కాదని 1838లో తేలినది. కాఫీ వేడి, టీ చలువ అని వాదించుకొనువారు ఈ సంగతిని గమనింతురు గాక.

అదే కాలమున రాబర్ట్ ఫార్చ్యూన్ అను తోటపని నిపుణుడు చీనాలో తిరిగి రెండు విషయములను కనుగొనెను. పచ్చటీయు నల్లటీయు వేరు వేరు చెట్ల ఆకులని యూరపువారు నమ్ముచుండిరి. ఆరబెట్టు విధానములోనే భేదము గాని చెట్టు ఒకటే అని ఇతడు చూపెను. రెండవది భయంకరమైనది. విదేశములకు పంపు పచ్చటీకి పనివారు ప్రష్యను బ్లూ అను నీలి రంగును, జిప్సమును కలుపుచుండిరి. నూరు పౌన్ల ఆకులో అరపౌనుకు మించి ఈ రంగును త్రాగువారు మింగుచున్నారని అతడు లెక్క కట్టెను. చీనావారు ఆ టీని తాము త్రాగరు. పరదేశులు నిగనిగలాడు ఆకునే కోరుదురు గనుక వారికొరకు వేయుచున్నామని చెప్పిరట. కొనువాడు కంటితో కొన్నచో అమ్మువాడు రంగు వేయును. ఈ మాటతో మరల పని పడును.

కేవలము టీకొరకే వెలసిన అంగళ్ళు పుట్టుటకు కారణము మద్యపాన నిషేధోద్యమము. 1830ల నుండి ఇంగ్లండులోని ఉద్యమకారులు సారాయి దుకాణమునకు బదులుగా టీ విందులను నడిపిరి. 1864లో లండనులో ఒక రొట్టెల కంపెనీవారు తమ దుకాణములో టీ అమ్ముటకు మొదలుపెట్టిరి. గ్లాస్గో నగరములో తేయాకు వర్తకుడైన స్టూవర్ట్ క్రాన్‌స్టన్ 1875లో, తన సరకును రుచిచూచువారికి బల్లలు వేసి గిన్నెకు ఇంతయని పుచ్చుకొనెను. అతని చెల్లెలు కేట్ క్రాన్‌స్టన్ 1878లో సొంతముగా తేనీటిశాల తెరచి, క్రమముగా నాలుగు నడిపినది. వానిలో 1903లో తెరచిన విల్లో తేనీటిశాలకు, మాకింటాష్ అను శిల్పి గోడలు మొదలు కుర్చీలవరకు రూపకల్పన చేసెను. పరువుగల స్త్రీ ఒంటరిగా పోయి కూర్చుండి, ఇంత తిని, స్నేహితురాలితో మాటలాడుకొనుటకు అంతకుముందు ఆ ఊళ్ళలో చోటు అరుదు. టీ వలన ఏ రోగము పోయినదో చెప్పలేము గాని, స్త్రీలకు కూర్చుండ చోటు దొరికినది. నా దృష్టిలో తేనీటిశాల చేసిన మొదటి మేలు ఇదియే.

ఇక మన దేశము. అస్సాములో సింగ్‌ఫో జాతివారు ఎప్పటినుండియో తేయాకు వాడుచుండిరి. 1823లో రాబర్ట్ బ్రూస్ అనునతడు ఆ సంగతి తెలిసికొనెను. 1839లో అస్సాము టీ లండనులో వేలమునకు వచ్చినది. అటుపై తోటలు పెరిగినవి. పనివారు కావలసివచ్చిరి. ఆ పనివారిలో మన గంజాము, విశాఖపట్టణము మండలములనుండి పోయినవారును ఉన్నారు. ఒప్పందము మీరి పని మానినచో 1859 నాటి చట్టము ప్రకారము అది నేరము. వారి సంతతివారు నేటికిని అస్సాము తోటలలో ఉన్నారు. మనము టీ త్రాగ నేర్చుటకు ఎంతోముందే మనవారు టీ కోయ నేర్చిరి.

అప్పటికి మన పల్లెలలో చల్ల, అంబలి, తరవాణి తప్ప టీ ఎవరెరుగుదురు? ఎగుమతి చేయగా మిగిలిన సరకును ఇచ్చటనే అమ్ముకొనదలచి తోటల యజమానులు తామే కోరగా 1903లో ప్రభుత్వము ఎగుమతి టీపై సుంకము విధించి, ఆ సొమ్మును ప్రచారమునకు ఇచ్చెను. సంతలలో ఉచితముగా కాచి పోసిరి. మిల్లులలో, గనులలో టీ బల్లలు పెట్టించిరి. రైలుస్టేషనులలో టీ కాచు విధమును దేశభాషలలో వ్రాసిన పింగాణీ పలకలు వ్రేలాడదీసిరి. బలము, చురుకుదనము, ఆరోగ్యము అని గారవే పాటయే మరల పాడిరి. రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రాయ్ దీనిని గట్టిగా వ్యతిరేకించెను. గాంధీ మహాత్ముడు 1942లో ఆగాఖాన్ భవనమున నిర్బంధములో ఉండి ఆరోగ్యమును గూర్చి వ్రాసిన పుస్తకములో, టీ శరీరమునకు అవసరము కాదనియు అందలి టానిన్ చెరుపు చేయుననియు వ్రాసిరి.

అయినను టీ గెలిచినది. అందుకు ప్రచారముకంటె యంత్రమే ఎక్కువ తోడ్పడినదని నేననుకొందును. 1930లో అస్సాములో మెక్‌కెర్చర్ అను తోటల అధికారి ఆకును నలిపి, చీల్చి, చుట్టు యంత్రమును కనిపెట్టెను. ఆ పొడి గుప్పెడు వేసినచో గిన్నెడు నీళ్ళు ఎర్రబడును. పాలు, చక్కెర కలిపినను రంగు విరుగదు. కూలివాడు కొనగల ధరకు గ్లాసు టీ దొరకినది.

ఆ గ్లాసును గూర్చియే ఒక మాట చెప్పవలెను. మన పల్లెలలో టీ అంగడి అందరిని ఒక బల్లమీద కూర్చుండబెట్టినదని పెద్దలు గర్వముగా చెప్పుదురు. నేను చిన్ననాట చూచిన అంగడిలో గూటిలో గాజుగ్లాసులు ఉండెడివి. చూరునుండి మరికొన్ని గ్లాసులు వేరుగా వ్రేలాడెడివి. మాల, మాదిగ పేటలవారు వచ్చి చూరులోనివి తీసికొని, ఎడముగా నేలపై కూర్చుండి త్రాగి, తామే కడిగి మరల తగిలించెడివారు. డబ్బులు మాత్రము ఒకే పెట్టెలో పడెడివి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణమున అంగళ్ళలోను, హోటళ్ళలోను ప్రవేశమునకు కులము అడ్డు రాకూడదని చెప్పినది; 17వ అధికరణమున అంటరానితనమును రద్దు చేసినది. 1955లో శిక్షలు విధించు చట్టము వచ్చినది. చూరులోని గ్లాసులు చట్టముతో వెంటనే దిగలేదు. కొన్నిచోట్ల కాగితపు కప్పులు వచ్చిన తరువాతనే దిగినవి. ఆ కప్పు ఎవరి మనస్సును మార్చలేదు; కడుగవలసిన పని మాత్రము తీసివేసినది. అందరికిని ఒకే గాజుగ్లాసు ఇచ్చి, అందరివియు తానే కడిగిన అంగడివాడు ఎచ్చటనున్నను, అతడే ఈ చరిత్రలో పెద్దవాడు.

ఆకులోని గుణము సంగతి నేటికి కొంత నిలకడకు వచ్చినది. పోషకాహారమును గూర్చి పరిశోధించు జాతీయ సంస్థ 1918లో నీలగిరులలోని కూనూరున, తేయాకు తోటల నడుమ పుట్టి, 1958లో హైదరాబాదునకు వచ్చినది. ఆ సంస్థవారు 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో భోజనమునకు గంట ముందును, గంట తరువాతను టీ కాఫీలు త్రాగవలదని చెప్పిరి. టానిన్లు ఆహారములోని ఇనుమును పట్టుకొని రక్తమున చేరనీయవు. ఆకుకూర, పప్పు తిని వెంటనే టీ త్రాగినచో తిన్న ఇనుములో కొంత వృథా. రక్తహీనత మన స్త్రీలలో, పిల్లలలో ఎంత ఉన్నదో ఆసుపత్రికి పోయినవారికి తెలియును. గాంధీగారి టానిన్ మాట ఈ విధముగా కొంత నిలిచినది. కెఫీను దినమునకు 300 మిల్లీగ్రాములు మించరాదట. గ్లాసు టీలో 30 మొదలు 65 వరకు ఉండును. 65 డిగ్రీల వేడికి మించి పొగలు గ్రక్కు పానీయములు అన్నవాహికలో క్యాన్సరునకు కారణము కాగలవని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనశాఖ 2016లో హెచ్చరించినది. సాసరులో పోసికొని ఊదుకొని త్రాగు మన తాతలను చూచి నవ్విన మనమే తెలివితక్కువవారము. పిల్లలు నల్లబడుదురనుట మాత్రము వట్టి మాట. వారికి టీ వలదనుటకు కారణము ఒంటి రంగు కాదు, ఇనుము, నిద్ర. గ్లాసునకు రెండు చెంచాల చక్కెర చొప్పున ఆరు గ్లాసులు త్రాగువాడు టీని నిందించుట న్యాయము కాదు.

ఇక రంగు సంగతి. ఫార్చ్యూను చూచిన మోసము నేటికిని పోలేదు. వాడిన పొడిని ఆరబెట్టి రంగు వేసి అమ్మువారు ఉన్నారు. దీనిని కనుగొనుటకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. వడపోత కాగితముపై కొంచెము పొడి చల్లి, నీటితో తడిపి, పొడిని కడిగివేసి, కాగితమును వెలుతురునకు ఎత్తి చూచినచో చాలును. మంచి పొడియైనచో కాగితముపై మరక నిలువదు. రంగు వేసినదైనచో వెంటనే మరకలు పట్టును. అటువంటి కాగితములు కొన్ని మన గ్రంథాలయపు బీరువాలో ఉంచవలసినదిగా కార్యదర్శిగారిని కోరితిని. టీ అంగడివారు పొడి పొట్లము తెచ్చినచో చదువరులు చూచుచుండగనే పరీక్షింపవచ్చును.