వైట్‌స్పేస్
కీబోర్డు మీది స్పేస్, ట్యాబ్, ఎంటర్ అనే 3 మీటలతోనే రాయగల విచిత్ర ప్రోగ్రామింగ్ భాష. డర్హమ్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ బ్రాడీ, క్రిస్ మోరిస్ రూపొందించగా 2003 ఏప్రిల్ 1న విడుదలైంది. చాలా భాషలు పట్టించుకోని ఖాళీలే ఇందులో ఆజ్ఞలు. అక్షరాలు, అంకెలు కనబడితే వదిలేస్తుంది. అందువల్ల మరో ప్రోగ్రాము పదాల సందుల్లో ఇది కంటపడకుండా ఒదిగిపోగలదు. దీని అసలు అందం అదే.

సంఖ్యలు ద్విసంఖ్యామానంలో ఉంటాయి: స్పేస్ 0, ట్యాబ్ 1. మొదటి గుర్తు ధనమో రుణమో చెబుతుంది, ఎంటర్ సంఖ్యను ముగిస్తుంది. 5 రాయాలంటే స్పేస్, ట్యాబ్, స్పేస్, ట్యాబ్, ఎంటర్. లెక్కలు స్టాక్ (చివర పెట్టినదే ముందు తీసే దొంతర) మీద సాగుతాయి. విలువలు దాచుకోవడానికి హీప్ ఉంది. వైట్‌స్పేస్ ప్రోగ్రామును ముగించే ఆజ్ఞ, వరసగా 3 ఎంటర్లు.