రాళ్ల గుట్ట కింద పసుపు నేల

హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పెర్కిట్‌ను తాకుతూ పోతుంది. అక్కడ దిగి ఆర్మూర్ వైపు తిరిగితే ముందు కనిపించేది ఊరు కాదు, నవనాథ సిద్ధులగుట్ట. తెలంగాణలో గుట్టలకు కొదవ లేదు. భువనగిరిలో ఒకే బండ ఏనుగు వీపులా నున్నగా లేచి నిలుస్తుంది. ఆర్మూర్ గుట్టది పూర్తిగా వేరే తీరు. పదునైన అంచులున్న రాళ్లు, ఎర్రవీ నల్లవీ, వేలకొద్దీ ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. ఎక్కడా మట్టి మీద కాలు మోపే చోటు ఉండదనిపిస్తుంది. ఈ గుట్ట పాదాన ఉన్న ఊరికి పాత పేరు నవనాథపురం.

దక్కన్ పీఠభూమికి అడుగున ఉన్న గ్రానైటే ఇక్కడ బయటపడింది. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల ఎంతో లోతున కరిగిన శిల మెల్లగా చల్లారి గడ్డకట్టింది. పైనున్న బరువు తరిగేకొద్దీ నిలువుగా, అడ్డంగా బీటలు వారింది. బీటల్లోకి వాననీరు దిగింది, రాయి మూలలు అరిగాయి, అరిగిన పొడిని వానలే కిందికి కొట్టుకుపోయాయి. మిగిలిన దిమ్మెలే ఇప్పుడు మనం చూస్తున్న గుట్ట. రాతిలోని ఇనుము తుప్పు పట్టి ఎరుపు వచ్చింది. ఏళ్ల తరబడి నీరు జారిన చోట నాచు పట్టి ఎండి నలుపెక్కింది.

కొట్టుకుపోయిన ఆ పొడి ఎక్కడికి పోయిందన్నదే ఈ ఊరి చరిత్రకు మూలమని నా నమ్మకం. గ్రానైటులో ఫెల్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది. అది శిథిలమైతే బంకమన్ను ఏర్పడుతుంది, పొటాష్ విడుదలవుతుంది. పసుపు దుంపకు పొటాష్ బాగా కావాలి. నీరు కావాలి గానీ అది వేళ్ల దగ్గర నిలవకూడదు. గుట్టల నుంచి దిగిన నేల, గుట్టల నడుమ కట్టుకున్న చెరువులు కుంటలు, వాటి కింద ఊరే బావులు, ఇవన్నీ కలిసిన చోట ఆర్మూర్, అంకాపూర్, ఆలూర్, వేల్పూర్ ఊళ్లు పసుపు పండించాయి. గడ్డి కూడా సరిగా మొలవని గుట్టనూ, దాని కింది పచ్చటి మడులనూ విడివిడిగా చూస్తే రెండూ అర్థం కావు.

గుట్టకు పేరు తెచ్చింది మాత్రం సిద్ధులు. తొమ్మిది మంది నాథ సిద్ధులు ఈ గుహల్లో తపస్సు చేశారని ఇక్కడి నమ్మకం. దీనికి శాసనం చూపించమని అడిగేవాళ్లు ఉంటారు. నేను మరో సాక్ష్యం వైపు చూస్తాను. 15వ శతాబ్దంలో గౌరన నవనాథ చరిత్రను ద్విపదలో రాశాడు. శ్రీశైలంలోని శైవ మఠాధిపతి కోరితే రాసిన కావ్యం అది. రాజకుమారుడు సారంగధరుడు కాళ్లూ చేతులూ పోగొట్టుకుని, మీననాథుడి దయతో సిద్ధుడైన కథ అందులోనిదే. పండితుల కోసం కాదు, పదిమంది పాడుకునేందుకు వీలైన ఛందస్సులో నాథుల కథ వెలిసిందంటే తెలుగు నేల మీద వాళ్ల ఊసు ఎంతగా పాకి ఉండాలి! మహారాష్ట్రలో నాథ పంథా బలంగా నాటుకుంది. ఆ సీమకు ఆనుకున్న ఇందూరు (నేటి నిజామాబాద్) ప్రాంతంలో, ఎండకూ వానకూ తలదాచుకునే గుహలున్న గుట్ట మీద సిద్ధుల పేరు నిలవడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డు ఉంది. రోడ్డు ఎంత సుఖమైనా, శివుడి దర్శనానికి మాత్రం రాళ్ల మధ్యకు దిగాల్సిందే. రెండు పెద్ద బండల నడుమ నడుము వంచి నడవాలి, భుజాలు రాతికి రాసుకుంటాయి. బయట ఎండ మాడుతున్నా లోపల చల్లగా ఉంటుంది. సోమవారాల్లో, శివరాత్రికి జనం బారులు తీరుతారు. రామాలయం, కోనేరు కూడా పైనే ఉన్నాయి. పైనుంచి చూస్తే ఊరి విస్తీర్ణం, రోడ్లు కలిసే తీరు ఒక్కసారిగా తెలిసిపోతాయి.

దారులే ఆర్మూర్‌ను అంగడి ఊరిగా మార్చాయి. ఉత్తరాన గోదావరి దాటితే నిర్మల్, పడమట నిజామాబాద్, తూర్పున మెట్‌పల్లి, జగిత్యాల. నిజామాబాద్ నుంచి జగిత్యాల మీదుగా పోయే 63వ నంబరు రహదారి, నాగ్‌పూర్ రహదారి ఇక్కడే కలుస్తాయి. రైలు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. పెద్దపల్లి–నిజామాబాద్ లైను పూర్తయింది 2017లోనే.

ఇక పసుపు. జూన్ వానలకు విత్తితే తవ్వేది సంక్రాంతి దాటాకే. అంటే ఎనిమిది తొమ్మిది నెలలు నేల ఆ ఒక్క పంటకే కట్టుబడి ఉంటుంది. అందుకే మధ్య సాళ్లలో మక్క వేసి కొంత ఖర్చు రాబట్టుకుంటారు. తవ్విన దుంపను ఉడకబెట్టాలి. ఒకప్పుడు పెద్ద ఇనుప కడాయిల్లో, ఇప్పుడు ఆవిరి బాయిలర్లలో. వాసన మారి, పుల్ల గుచ్చితే సులువుగా దిగితే ఉడికినట్టు. తక్కువ ఉడికితే ఎండాక పెళుసుబారుతుంది, ఎక్కువైతే రంగు చెడుతుంది. ఆ తర్వాత కళ్లంలో పలుచగా పరిచి రోజుల తరబడి ఆరబెట్టాలి, డ్రమ్ములో వేసి తిప్పి పొట్టు పోగొట్టాలి. అప్పుడు గానీ కాడి (పొడవాటి కొమ్ములు) వేరు, గోళ (గుండ్రటి దుంపలు) వేరు చేసి మార్కెట్టుకు తీసుకుపోలేరు. ఇంత చేసిన రైతు మంచి ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా బస్తాలు మోసుకెళ్లాల్సి వచ్చిందంటే మనసు కలుక్కుమంటుంది.

ఆ బాధే 2019 ఫిబ్రవరిలో రోడ్డెక్కింది. పసుపు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 ఇవ్వాలని రైతులు జాతీయ రహదారిని దిగ్బంధించారు. ఏప్రిల్‌లో జరిగిన ఎన్నికల్లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 178 మంది రైతులు బరిలో నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పక్కపక్కన పేర్చాల్సి వచ్చింది. దేశం పసుపు రైతు గోడు విన్నది అప్పుడే. జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు మొదలైంది.

ఇంత పట్టుదల ఒక్క రోజులో పుట్టింది కాదు. ఈ పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీల మాటకు బరువు ఎక్కువ. చెరువు, గుడి, బడి అన్నీ ఊరంతా కూర్చుని తేల్చుకునే అలవాటు ఉంది. ఆ కమిటీలు కొన్నిచోట్ల హద్దు మీరి జరిమానాలు, వెలివేతల దాకా పోయిన మాటా నిజమే, అది ఎవరూ సమర్థించకూడనిది. అయినా రైతులు ఒక్క గొంతుతో నిలబడటానికి ఆ అలవాటే దన్ను. విత్తనాల పంటకు పేరుపడ్డ అంకాపూర్‌ను చూసినా ఇది తెలుస్తుంది.

పసుపుకు బోర్డు వచ్చింది. గుట్ట సంగతి మిగిలింది. తిరుమల శిలాతోరణాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. హైదరాబాద్‌లో కొన్ని రాతి నిర్మాణాలను వారసత్వ జాబితాలో చేర్చారు. తెలంగాణలో మిగతా చోట్ల గుట్ట అంటే కంకరగానే లెక్క వేస్తున్నారు. సిద్ధులగుట్టకు భక్తి కొంత రక్ష, కానీ గుడి చుట్టూ ఉన్న రాళ్లకే ఆ రక్ష. దాని పక్కనున్న గుట్టలను, వాటి కింది కుంటలను కూడా కలిపి ఒకే హద్దు గీసి కాపాడాలి. ఆ పని భూగర్భ శాఖ, రెవెన్యూ శాఖ కలిసి చేయాల్సింది. కుంటల్లోకి వాన దారి మూసుకుపోతే ముందు ఎండేది పసుపు మడుల బావులే.