24 సెకన్ల సముద్రం

"ఏట్రా, ఇంకా దారి సూపట్లేదా?"

పెదనాన్న గుమ్మంలోనే నిలబడి అడిగాడు. శ్రీకాకుళం తీరం నుంచి అండమాన్ వచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డ మత్స్యకార కుటుంబం వాళ్లది. చదువుకున్న కుర్రాడు లంబాలైన్‌లో గది తీసుకుని, పడవలో బిగించే జీపీఎస్ పెట్టె తయారు చేస్తున్నాడు. పేర్లు రాయొద్దన్నారు. నడిసముద్రంలో ఇంజిను ఆగిపోతే ఒడ్డున ఉన్నవాళ్లకు చెప్పగలిగేది అక్షాంశ రేఖాంశాలే. అందుకే ముందుగా గదిలోనే పరీక్ష. ఉపగ్రహాల సిగ్నల్‌ను కంప్యూటర్లో తయారుచేసి, సెకండ్ హ్యాండ్‌లో కొన్న సిగ్నల్ జనరేటర్ ద్వారా పెట్టెకు అందించాలి.

జీపీఎస్-ఎస్‌డీఆర్-సిమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 5 నిమిషాల ఫైలు తయారుచేసింది. సెకనుకు 26 లక్షల శాంపిళ్లు, ఒక్కోటి 4 బైట్లు, మొత్తం 3.12 జీబీ. జనరేటర్ డిస్కులోకి ఎక్కింది. ప్లే నొక్కితే మెమరీ చాలదంది.

"డిస్కులో సోటుందన్నావు గదా?"

"ఉంది పెదనాన్నా. కానీ డిస్కు నుంచి నేరుగా ప్లే చెయ్యదు. ముందు లోపలి మెమరీలోకి తెచ్చుకోవాలి. అందులో 6 కోట్ల 40 లక్షల శాంపిళ్లే పడతాయి."

"కొట్లో ఐసెంతున్నా పడవ పెట్టెలో పట్టినంతే గదా," అన్నాడు పెద్దాయన.

కుర్రాడు ఫైలు కత్తిరించాడు. 24 సెకన్లు మిగిలాయి. అదే ముక్క మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టాడు. తెరమీద ఉపగ్రహాల గీతలు లేచాయి. అక్షాంశం దగ్గర మాత్రం ఖాళీ.

జీపీఎస్ ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 6 సెకన్ల ముక్కలుగా చెబుతుంది. అయిదు ముక్కలు కలిస్తే 30 సెకన్లు. స్థానం లెక్కకు మొదటి మూడూ తప్పనిసరి. రిసీవర్ సిగ్నల్‌ను పట్టుకునేలోపే మొదటి ముక్క జారిపోతే, అది మళ్లీ వచ్చేదాకా ఆగాలి. ఈలోగా ఫైలు అయిపోతుంది, ఉపగ్రహ గడియారం వెనక్కి దూకుతుంది, రిసీవర్ పట్టు వదిలేస్తుంది. శాంపిళ్ల వేగాన్ని 20.46 లక్షలకు దించినా దక్కేది 31 సెకన్లే. ఆ కత్తిరింపుల దారి వదిలేయడమే సరైన పని. పడవ ప్రయాణం గంటల లెక్క. అర నిమిషం పరీక్షను నమ్మి మనుషుల్ని సముద్రంలోకి పంపకూడదు.

అందుకని హ్యాక్ఆర్ఎఫ్ అనే రేడియో పరికరం తెప్పించాడు. దీనికి ఫైలంతా ఒకేసారి మింగే పని లేదు; కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ తీగలో ఎప్పటికప్పుడు తీసుకుని పంపుతుంది. శాంపిల్ 2 బైట్లకు తగ్గింది, అంటే సెకనుకు 5.2 ఎంబీ. యూఎస్‌బీ 2.0కు అది తేలిక.

"దానికి యాంటెన్నా లేదేట్రా?"

"పెట్టకూడదు. పక్కనే రన్‌వే."

లంబాలైన్‌ను ఆనుకునే వీర్ సావర్కర్ విమానాశ్రయం. విమానాల కోసం జీపీఎస్‌ను సరిదిద్దే గగన్ వ్యవస్థకు ఈ ఊళ్లోనే ఒక రిఫరెన్స్ కేంద్రం ఉంది. నేలకు చేరే అసలు సిగ్నల్ సుమారు మైనస్ 130 డీబీఎం, అంత బలహీనం. దొంగ సిగ్నల్ గాల్లోకి పోతే అది ప్రమాదం, నేరం కూడా. అందుకే కోయాక్స్ తీగకు వరసగా సిగ్నల్ బలాన్ని తగ్గించే అటెన్యుయేటర్లు తొడిగి, పెట్టెను లోహపు డబ్బాలో మూసి, ప్రతి కనెక్టరునూ చేత్తో బిగించి చూసుకున్నాడు.

ఈసారి ఫైలు ఆగలేదు. గీతలు లేచాయి, నిలిచాయి. కాసేపటికి అక్షాంశం 11 డిగ్రీల చిల్లర, రేఖాంశం 92 డిగ్రీల చిల్లర అని అంకెలు పడ్డాయి.

"ఇది మన రేవేనా?"

"మన రేవే. ఇప్పుడు పడవ కదులుతున్నట్టు 10 నిమిషాల ఫైలు చెయ్యాలి. ఏ దారిన పోతావో చెప్పు, రాసుకుంటాను."

పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.