తెలుగు రాష్ట్రాల్లో వ్యవసాయ విస్తరణ

పరిశోధన కేంద్రంలో తేలిన విషయాన్ని పొలం దాకా చేర్చడం, పొలంలో రైతుకు ఎదురైన చిక్కును శాస్త్రవేత్త ముందుంచడం వ్యవసాయ విస్తరణ చేసే పని. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వ్యవసాయ శాఖ, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు, మహిళా సంఘాలు ఈ పనిని పంచుకుంటున్నాయి. పంటతో పాటు నేల, భూగర్భజలం, పశువులు, ఇంటిల్లిపాది తిండి కూడా దీని పరిధిలోకి వస్తాయి. ఏ సరుకూ అమ్మని మనిషి ఇచ్చే సలహా కావడమే దీని విలువ. అయితే ఆ మనిషి కన్నా పురుగుమందుల దుకాణమే రైతుకు దగ్గరగా ఉంటూ వచ్చింది.

గ్రామసేవకుల కాలం

1952 అక్టోబరు 2న దేశంలో సమాజ వికాస పథకం మొదలైంది. మరుసటి ఏడాది జాతీయ విస్తరణ సేవ వచ్చింది. ఊళ్లలో దీని ప్రతినిధి గ్రామసేవకుడు. విత్తనం, ఎరువుల గురించి చెప్పేదీ, మంచినీటి బావి, మరుగుదొడ్డి, రాత్రిబడి గురించి చెప్పేదీ అతనే. ఆడవాళ్ల కోసం గ్రామసేవికలు ఉండేవారు. పొగ రాని పొయ్యిలు, పెరటి కూరగాయలు, పసిపిల్లల సంరక్షణ వాళ్ల పాఠాలు. అన్ని పనులూ ఒక్కరి నెత్తినే పడడంతో ఏదీ లోతుగా సాగలేదు.

1960లో మొదలైన సాంద్ర వ్యవసాయ జిల్లాల పథకం దృష్టిని తిండిగింజల మీదికి మళ్లించింది. తొలి విడత ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. తరవాత అది ఎన్.జి.రంగా పేరు పెట్టుకుంది. రాష్ట్ర విభజనతో తెలంగాణకు ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయం వచ్చింది.

1970ల మధ్య నుంచి ప్రపంచ బ్యాంకు అండతో దేశంలో ‘శిక్షణ - సందర్శన’ పద్ధతి నడిచింది. దీన్ని రూపొందించినవాడు ఇజ్రాయెల్‌కు చెందిన డేనియల్ బెనోర్. విస్తరణ ఉద్యోగి పక్షానికోసారి శిక్షణకు వెళ్లాలి, ముందే చెప్పిన రోజున ఊరికి రావాలి, ఎంపిక చేసిన కొందరు రైతులకు చెప్పాలి. వాళ్ల నుంచి మిగతావాళ్లకు విషయం దానంతటదే పాకుతుందన్న లెక్క చాలాచోట్ల తప్పింది. కానీ విస్తరణ ఉద్యోగికి అప్పుల పంపిణీ, ఎరువుల పంపిణీ లాంటి పనులు అంటగట్టకూడదన్న దాని నియమం మంచిది. తరవాత వచ్చిన పథకాలు ఆ ఒక్కదాన్నే వదిలేశాయి.

పొలంబడి

వరిలో విచ్చలవిడిగా మందులు కొడితే సుడిదోమ తగ్గకపోగా పెరుగుతోందని, దాన్ని తినే సాలీళ్లు, పురుగులే ముందు చస్తున్నాయని ఇండోనేషియాలో తేలింది. దాంతో 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో అక్కడ రైతుల పాఠశాలలు మొదలయ్యాయి. ఆ నమూనాయే ఇక్కడ పొలంబడి అయింది.

ఇరవై ముప్పై మంది రైతులు పంటకాలమంతా వారానికోసారి పొద్దున్నే ఒక మడి దగ్గర చేరతారు. బృందాలుగా విడిపోయి మడిలో దిగి, కొన్ని దుబ్బుల్ని ఎంచుకుని పిలకలు లెక్కపెడతారు, ఆకు తిప్పి చూస్తారు, పురుగుల్ని పాలిథిన్ సంచిలో పట్టుకుంటారు. చెట్టు కిందికి వచ్చి చార్టు మీద వరి దుబ్బు బొమ్మ గీసి, ఒక పక్క శత్రు పురుగులు, ఇంకో పక్క మిత్ర పురుగుల సంఖ్య రాస్తారు. సాలీడు, తూనీగ, అక్షింతల పురుగు మిత్రుల వరసలోవి. కుండీలో వరి మొక్క పెట్టి, చుట్టూ దోమతెర గుడ్డ కట్టి, లోపల సుడిదోమల్నీ ఒక సాలీడునూ వదిలి, ఎన్ని మిగిలాయో తరవాత చూసుకునే ప్రయోగమూ ఉంది. ఆ వారం మందు కొట్టాలా వద్దా అన్నది అధికారి చెప్పడు. చార్టు చూసి రైతులే తేల్చుకుంటారు.

సుడిదోమకు చెప్పే మొదటి జాగ్రత్త నాట్లప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలడం. గాలి, వెలుతురు ఆడితే దోమ ఉద్ధృతి తగ్గుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, కాబట్టి ఏ దుకాణదారూ దీన్ని చెప్పడు.

జాతీయ నమూనా సర్వే సంస్థ 2003లో ఆధునిక సాగు సమాచారం ఎక్కడి నుంచి వస్తోందని దేశవ్యాప్తంగా రైతుల్ని అడిగింది. తోటి అభ్యుదయ రైతుల నుంచి అన్నవాళ్లు 16.7 శాతం, దుకాణదారుల నుంచి 13.1 శాతం, రేడియో నుంచి 13 శాతం. విస్తరణ ఉద్యోగి పేరు చెప్పినవాళ్లు 5.7 శాతమే. ఆ ఏడాదే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ ‘మేనేజ్’ దుకాణదారులకే ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. రైతు ఎలాగూ వాళ్లనే అడుగుతున్నాడు కాబట్టి వాళ్లకే చదువు చెబుదామన్నది ఉద్దేశం. సరుకు అమ్ముకునేవాడికి ఆ చదువు ఎంతవరకు వంటబడుతుందన్నది వేరే సంగతి. 2004 జనవరిలో మొదలైన కిసాన్ కాల్ సెంటర్ తెలుగులోనూ జవాబిస్తుంది.

నీరు, నేల, తిండి

మెట్ట జిల్లాల్లో విస్తరణ భూగర్భజలం వైపు తిరిగింది. అనంతపురం, మహబూబ్‌నగర్ సహా ఏడు కరవు జిల్లాల్లో 2003 నుంచి కొన్నేళ్లు నడిచిన ఒక పథకంలో వర్షమానినీ, బోరులో నీటిమట్టాన్నీ రైతులే చూసి రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిందెంత అని లెక్క కట్టేవారు. లోటు తేలినా ఫలానా పంట వేయొద్దని ఎవరినీ కట్టడి చేయలేదు. చాలామంది తమంత తామే వరి తగ్గించుకున్నారు.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ దళిత మహిళల సంఘాలతో చిరుధాన్యాల సాగును, ఊరి విత్తనాలను నిలబెట్టింది. 2008 నుంచి మాచునూరులో వాళ్లే సంగం రేడియో నడుపుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పురుగుమందులు లేని సాగుగా మొదలై ప్రకృతి వ్యవసాయంగా ఎదిగిన కార్యక్రమానికీ మహిళా సంఘాలే పునాది. ఇందులో పాఠం చెప్పేది ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం, నవధాన్యాలతో సొంత పొలంలో సాగు చేసి చూసిన రైతులు. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ పురస్కారం దక్కింది.

ఇప్పటి వ్యవస్థ

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలకు వ్యవసాయ సహాయకులు వచ్చారు. 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలు తెరిచారు, తరవాత వాటి పేరు రైతు సేవా కేంద్రాలుగా మారింది. సలహాతో పాటు విత్తనాలు, ఎరువులు కూడా అక్కడే దొరకడం రైతుకు సౌకర్యమే. సలహా ఇచ్చే మనిషికి మాత్రం బస్తాల లెక్క, ఏ పొలంలో ఏ పంట ఉందో రాసే ఈ-పంట నమోదు తోడయ్యాయి. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాల క్లస్టరుకు ఒక వ్యవసాయ విస్తరణాధికారి, రైతుల సమావేశాలకు ఒక రైతు వేదిక. మొత్తం 2,601 వేదికలు కట్టారు. మొదటిదాన్ని 2020 అక్టోబరు 31న జనగామ జిల్లా కొడకండ్లలో ప్రారంభించారు. 2024 అక్టోబరులో డిజిటల్ పంట సర్వేను తమకు అప్పగించడాన్ని వ్యతిరేకిస్తూ ఈ విస్తరణాధికారులు ఆందోళనకు దిగారు.